కారక్క చెప్పులు విప్పి నడిపేది

పోయిన ఆదివారం ఒక స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వికారాబాద్ వైపు వెళ్తున్నాను. చేవెళ్ల దాటాక రోడ్డు ఖాళీగా ఉన్న ఒక చోట, ముందూ వెనకా బండి లేదని చూసుకుని, బ్రేకు మెల్లగా నొక్కి వదిలాను. స్నేహితుడు కిటికీ వైపునుంచి తల తిప్పి, కుక్క అడ్డొచ్చిందా అని అడిగాడు. ఏమీ రాలేదన్నాను. మరెందుకు నొక్కావన్నాడు. ఆ అలవాటు నాది కాదు. ఈ చలికాలం మొదట్లో పోయిన ఒక మనిషిది.

మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా టీ కొట్ల వాళ్లూ, నర్సరీల వాళ్లూ ఆమెను కారక్క అనేవాళ్లు. అసలు పేరు నాకు చాలా కాలం తెలియలేదు. తెలిశాక కూడా ఎప్పుడూ దానితో పని పడలేదు.

మా అమ్మ కంటే కొంచెం చిన్నది, నాకంటే చాలా పెద్దది. మొయినాబాద్ దాటాక లోపలికి, వాళ్ల సొంత భూమిలో గులాబీలూ జెర్బెరాలూ పండించేది. భర్త పోయాక తోట, కూలీలు, తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్టుకు బయల్దేరే పూల బండి, అన్నీ ఆమే చూసుకుంది. ట్రాక్టరు తోలడం పెళ్లికి ముందే వచ్చట. ఆ తర్వాత జీపు. ఇక ఇంటిపట్టున కూర్చుంటుందిలే అని ఊరంతా అనుకునే వయసులో పసుపు రంగు స్పోర్ట్స్ కారు కొన్నది. రెండే సీట్లు, నేలకు ఆనుకున్నట్టుండే కారు. అందులోంచి నూలు చీర కట్టుకుని, కొంగు నడుముకు చుట్టి, కళ్లద్దాలు మెడలో దారానికి వేలాడేసుకుని దిగేది. ఎవరైనా నోరు తెరుచుకుని చూస్తుంటే తిరిగి వాళ్లనే చూసేది, వాళ్లు చూపు తిప్పుకునేదాకా.

ఆ కారు ఎలా వచ్చిందో ఆమె అందరికీ చెప్పేది, అడక్కపోయినా చెప్పేది. తోట పక్కన ఒక ఫామ్‌హౌస్ ఉంది. దాని యజమాని సిటీలో ఉండేవాడు. కారు కొని, కొన్నాళ్లు మోజు తీరా తిప్పి, గుడ్డ కప్పి పడేశాడు. "బర్రెను కట్టేసి గడ్డి వెయ్యనట్టు అనిపించింది తమ్మీ నాకు. పోయి అడిగిన," అని చెప్పింది. ఆయన నవ్వి, ఎవరు నడుపుతారమ్మా అన్నాడట. ఆమె తాళం అడిగి తీసుకుని, తోట చుట్టూ తిప్పి, వచ్చి ఆయన గేట్లోకి రివర్సులో పెట్టింది. ఆయన మళ్లీ నవ్వలేదు.

నా సంగతి వేరు. తొంభైల చివర్లో తెనాలి నుంచి ఉద్యోగానికి వచ్చినవాణ్ణి. గండిపేట దగ్గర ఇల్లు కట్టుకుని, అమ్మాయి చదువు ఒక దారిన పడ్డాక, చిన్నప్పటి పిచ్చి తీర్చుకోవడానికి పాత స్పోర్ట్స్ కారొకటి కొనుక్కున్నాను. మా ఆవిడ అది ఎక్కదు. నడుము పట్టేస్తుందంటుంది. అందుకని ఆదివారం పొద్దున్నే ఒక్కణ్ణే బయల్దేరి మొయినాబాద్ అవతల టీ తాగి, చేవెళ్ల దాకా వెళ్లి తిరిగొచ్చేవాణ్ణి.

ఆ టీ కొట్టు దగ్గరే ఆమెను మొదటిసారి చూశాను. నన్ను పలకరించలేదు. నేరుగా నా కారు ముందు చక్రం దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చుంది.

"వేడిగున్నయా?" అని అడిగింది.

ఏమిటో నాకు అర్థం కాలేదు.

"డిస్కులు. ఇప్పుడే వచ్చినవా, ఆపి శానసేపైందా?"

చాలాసేపయిందండీ అన్నాను. చక్రం పుల్లల సందులోంచి చెయ్యి పోనిచ్చింది. లోపల చక్రంతో పాటే తిరిగే ఇనుప పళ్లెం ఉంటుంది. కారు పుస్తకంలో రోటర్ అని రాస్తారు, రోడ్డు మీద అందరూ డిస్కు అనే అంటారు. బ్రేకు నొక్కితే రెండు ప్యాడ్లు దాన్ని అటూ ఇటూ పట్టుకుని ఆపుతాయి. ఆమె ఆ డిస్కు మీద గోరు పెట్టి మధ్యనుంచి అంచుదాకా లాగింది. అంచు దగ్గర గోరు ఆగింది.

"అంచు లేస్తున్నది," అన్నది. "ప్యాడ్ రాకిన కాడ అరుగుతది, చివరిదాక ప్యాడ్ పోదు గద, గదొక్కటి ఎత్తుగ నిలవడ్తది."

అంతకుముందు కారు చూపించిన చోట డిస్కులు మార్చేయమన్నారు. అయితే మార్చాలాండీ అని అడిగాను.

"ఎందుకు మారుస్తవ్? ఇంక మస్తు నడుస్తయి. నేను చూసుకుంట ఉండుమంటున్న. మార్చుమంటలే." లేచి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "ఇంగో మాట. అండి అనకు. అక్క అను."

ఆ రోజు నుంచి అక్క అనే అన్నాను. అప్పటికి మార్చడం వద్దన్న మాట కూడా విన్నాను. ఆమె చెప్పినట్టే ఆ డిస్కులు చాలా కాలం నడిచాయి.

ఆమె కారు నడిపేటప్పుడు చెప్పులు విప్పేసేది. డోరు తీసి, సీట్లో అడ్డంగా కూర్చుని, చెప్పులు రెండూ విప్పి, పాదాలు ఒకదానికొకటి దులిపి లోపల పెట్టుకునేది. చెప్పులు పక్క సీటు కిందకి వెళ్లేవి. బూట్లేసుకుని నడిపేవాళ్లంటే ఆమెకు జాలి. మందపాటి అట్ట అడ్డం పెట్టుకుని పండు మెత్తగుందో లేదో ఎట్ల చూస్తరు అనేది. నేను మాత్రం బూట్లు మానలేదు. ఆ విషయంలో చివరిదాకా మాకు కుదరలేదు.

రోడ్డు ఖాళీగా ఉన్న చోట ఆమె బ్రేకు మెల్లగా నొక్కి వదిలేది. అప్పుడు మాట్లాడేది కాదు, పక్కవాళ్లను మాట్లాడనిచ్చేది కాదు. పెడల్ పాదానికి నునుపుగా తగిలితే సరే. లోపలినుంచి ఎవరో తిరిగి తంతున్నట్టు కొట్టుకుంటే డిస్కు మందం ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ అయిందన్నమాట. ముందు డిస్కులైతే స్టీరింగు వణికి చేతికి కూడా చెబుతాయి, వెనకవైతే ఎక్కువగా కాలికే చెబుతాయి. ఇది ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో. నేను ఆఫీసులో కుర్చీలో కూర్చుని ఉన్నప్పుడు కూడా ఒక్కోసారి ఆ మాట చెవిలో వినబడేది.

చప్పుళ్లను ఆమె అంత తేలిగ్గా నమ్మేది కాదు. వాన పడిన మర్నాడు డిస్కుల మీద పల్చటి తుప్పు పట్టి, మొదటిసారి నొక్కినప్పుడు గరగరమంటుంది. ఒక వానాకాలం నేను ఆ చప్పుడికి బెదిరి ఫోన్ చేస్తే, ఇంటి చుట్టూ ఒకసారి తిప్పి నాలుగుసార్లు బ్రేకు కొట్టు, అప్పటికీ పోకుంటే ఫోన్ చెయ్యమన్నది. చప్పుడు గేటు దాటకముందే పోయింది. గరగర పోకుండా వెంట వస్తూనే ఉంటే ప్యాడ్ అయిపోయి ఇనుము ఇనుమును తింటున్నట్టు, అప్పుడు డిస్కు మీద గాట్లు పడతాయి, వేలితో తడిమితే తెలుస్తుంది. కాలినట్టు నీలం మచ్చలు కనిపించినా ఆమెకు నచ్చేది కాదు. ఇన్నీ చూసి, విని, తడిమి, చివరికి మాత్రం, "ఇన్నది చాలు. ఇగ చక్రం ఇప్పి గేజ్ పెట్టు," అనేది. గేజ్‌తో డిస్కు మందం కొలుస్తారు. ఇంతకంటే పల్చబడితే వాడొద్దని ప్రతి డిస్కు మీదా ఒక అంకె పోత పోసి ఉంటుంది. ఆ అంకెతో మాత్రం ఆమె వాదించేది కాదు.

మిగతా అందరితోనూ వాదించేది. మొయినాబాద్‌లో పెద్ద షెడ్డు వేసుకుని ఇలాంటి కార్లు బాగుచేసే ఒకాయన ఉన్నాడు, అందరూ ఉస్తాద్ అంటారు. ఆయనా ఆమే కలిస్తే షెడ్డులో ఎవరికీ పని సాగేది కాదు. ఒకసారి ఆమె కారు బ్రేకు వేసినప్పుడల్లా వణుకుతోంది. ముందు డిస్కుల మందం ఇంకా అంకెకు పైనే ఉంది. ప్యాడ్లు మారిస్తే చాలని ఆమె అన్నది. కాలిన మచ్చలున్న చోట ఇనుము గట్టిపడింది, ఎన్ని ప్యాడ్లు మార్చినా వణుకు పోదు, డిస్కులే మార్చాలని ఉస్తాద్ అన్నాడు. మందం ఉన్నదాన్ని పారేసేటంత మతి పోలేదు నాకని ఆమె లేచి నిలబడింది. ప్యాడ్లే మార్చారు. కొన్నాళ్లకు వణుకు మళ్లీ వచ్చింది. ఆమె చాలా రోజులు అటు వెళ్లలేదు. తర్వాత ఒక పొద్దున చేతిలో గులాబీల కట్టతో షెడ్డుకొచ్చి ఆయన బల్ల మీద పెట్టి, "నువ్వన్నదే అయింది ఉస్తాద్. మార్చు," అన్నది. ఉస్తాద్ ఆ పూలు టీ గ్లాసులో పెట్టుకుని, కారు లిఫ్టు ఎక్కించమన్నాడు. ఇద్దరూ ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

తప్పైతే ఆమె ఒప్పుకునేది. ఒప్పుకున్నాక కూడా గొంతు తగ్గేది కాదు. అది నాకు బాగా నచ్చేది.

అనంతగిరి ఘాటుకు వెళ్లబోయిన రోజు గురించి చెప్పాలి. గండిపేట వైపు నాలాంటి పిచ్చివాళ్లం కొందరం కలిసి, ఆ ఆదివారం అనంతగిరి కొండ మీదికి వెళ్లి దిగుదామనుకున్నాం. చేవెళ్లలో అందరం ఆగాం. ఆమె అప్పటికే అక్కడుంది, మాతో వచ్చేందుకు కాదు, కూరగాయల మార్కెట్లో ఎవరితోనో పనుండి. అలవాటు ప్రకారం నా కారు దగ్గర గొంతుక్కూర్చుంది. ఈసారి చాలాసేపు లేవలేదు. ఫోన్‌లో టార్చి వేసి చూసింది. నా డిస్కులకు చల్లదనం కోసం జల్లెడలా రంధ్రాలుంటాయి. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య వెంట్రుకలంత సన్నటి చీలికలు రావడం మామూలే. నేనూ చూసుకుంటూనే ఉన్నాను. ఆమె చూపించింది వేరు. ఒక చీలిక రంధ్రం దాటి బయటి అంచుదాకా వచ్చేసింది. అలాంటి డిస్కు ఘాటు దిగుతుంటే పగిలిపోవచ్చు.

కారు నడపడంలో నాకు ఏ తేడా లేదు. వణుకు లేదు, చప్పుడు లేదు. అదే చెప్పాను. ఇంతదూరం వచ్చాం, మెల్లగా వెళ్లి మెల్లగా దిగుతాననీ అన్నాను. అవతల ఆరేడు కార్లు ఇంజన్లు వేసుకుని నా కోసం చూస్తున్నాయి. ఆమె వాదించలేదు. నా కారు అవతలి డోరు తీసి లోపల కూర్చుని, బెల్టు పెట్టుకుంది.

"పోదాం పా," అన్నది.

ఎక్కడికక్కా అన్నాను.

"ఘాటుకే. నువ్వు దిగుతనంటున్నవ్ గద. నేను గూడ పక్కన కూసొని దిగుత."

స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. తాళం తిప్పడానికి చెయ్యి రాలేదు. నా ఒక్కడి కోసం అయితే తిప్పేవాణ్ణేమో. ఆమె ఎదురుగా రోడ్డు చూస్తూ, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, బస్సు కదలడం కోసం చూసే మనిషిలా నింపాదిగా ఉంది. చివరికి నేనే దిగి, మీరు వెళ్లండని స్నేహితులకు చెప్పేశాను. ఆమె సంతోషించిందో లేదో మొహంలో తెలియలేదు. మార్కెట్లో తన పని అయ్యేదాకా ఆగమని, తర్వాత మొయినాబాద్ దాకా నా వెనకే, వెనకనుంచి నన్నెవరూ తొందరపెట్టకుండా, పసుపు కారు నడుపుకుంటూ వచ్చింది. షెడ్డులో డిస్కు ఊడదీసి ఉస్తాద్ స్పానరుతో తట్టాడు. కొత్త డిస్కు గంటలా మోగుతుంది. ఇది పగిలిన కుండలా మోగింది. రెండు వైపులా జతగా మార్పించుకున్నాను.

ఇక ఆమె కాలి సంగతి.

పోయినేడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒక ఆదివారం టీ కొట్టు దగ్గర ఆమె తన కారు తాళాలు నా ముందు పెట్టింది. అంతకుముందు ఎప్పుడూ ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఇవాళ నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటానన్నది. ఎందుకని అడిగితే, కొన్నాళ్ల నుంచి బండి తనతో మాట్లాడటం లేదన్నది. అన్నీ బాగానే ఉన్నాయి, మరీ బాగున్నాయి, అదే అనుమానంగా ఉందన్నది.

మొయినాబాద్ దాటించాను. మంచి ఇంజను, ఆమె చేతిలో ముద్దుగా పెరిగింది. చేవెళ్లకు కొంచెం ఇవతల రోడ్డు ఖాళీ అయ్యాక, ఆమె నేర్పినట్టే, మెల్లగా బ్రేకు నొక్కాను. పెడల్ నా పాదాన్ని తిరిగి తన్నింది. బూటు మీదుగా కూడా స్పష్టంగా తెలుస్తోంది, దడదడమని. స్టీరింగు మాత్రం కదలకుండా నిలకడగా ఉంది. పక్కకు చూశాను. ఆమె రోడ్డును చూడటం లేదు, నా మొహమే చూస్తోంది.

"ఏమున్నది?" అని అడిగింది.

"కొడుతోంది అక్కా. బాగా కొడుతోంది. వెనకవి అనుకుంటా."

"ఎన్ని రోజుల సంది కొడుతున్నట్టు?"

ఇంత గట్టిగా కొట్టాలంటే చాలా రోజులై ఉంటుందన్నాను. ఆమె బండి పక్కకు ఆపమన్నది. ఇద్దరం సీట్లు మారాం. చెప్పులు విప్పి, పాదాలు దులుపుకుని, తనే నడిపింది. ఒకసారి నొక్కింది. కొంత దూరం పోయి ఇంకోసారి నొక్కింది. నా సీటు కిందనుంచి ఆ అదురు నాకు తెలుస్తూనే ఉంది. మూడోసారి నొక్కి బండి అక్కడే ఆపేసింది.

తర్వాత ఆమె చేసింది నేను ఊహించలేదు. గాజుకు పెట్టుకున్న పిన్నీసు తీసి విప్పింది. కుడి కాలు ఎత్తి ఎడమ మోకాలి మీద వేసుకుని, బొటనవేలి కింద మెత్తటి చోట పిన్నీసు మొన ఆనించి నొక్కింది. మొహంలో ఏ మార్పూ లేదు. కొంచెం పక్కన మళ్లీ నొక్కింది. చిన్న రక్తపు చుక్క పైకి వచ్చింది. అది చూసి నేనే చెయ్యి పట్టుకోబోయాను. ఆమె నా చెయ్యి పక్కకు నెట్టి, మడమ దగ్గర, ఆ తర్వాత చీలమండ పైన గుచ్చుకుంది. చీలమండ పైన మాత్రం కనుబొమ్మ కదిలింది.

"ఈడిదాక పోయింది," అన్నది.

పాదం తిప్పి చూస్తే చిటికెన వేలి పక్కన ఒక పాత గాయం కనిపించింది, చుట్టూ చర్మం తెల్లబడి ఉంది. తోటలో ఏ ముల్లో దిగి ఉంటుంది. ఆమెకు అది ఎప్పుడైందో తెలియదు. షుగరు ఉందని తెలుసు, మాత్రలు వేసుకుంటూనే ఉంది. మందులున్నాయి, ఈ రోజుల్లో పెద్ద విషయం కాదు, లాంటి మాటలేవో మొదలుపెట్టాను. ఆమె మధ్యలో ఆపింది.

"దవాఖానకు రేపు పోత. ముందుగాల ఉస్తాద్ తాన్కి పోదాం. బండి నువ్వు నడుపు." పాదం కిందికి దించి అన్నది, "నేనిగ నడప."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. పిన్నీసు మూసి మళ్లీ గాజుకు పెట్టుకుంది. డోరు తీసి చుట్టూ తిరిగి వచ్చి, నేను దిగేదాకా నిలబడి, పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. మొయినాబాద్ దాకా ఆ ప్రయాణంలో ఆమె మాట్లాడింది ఒక్క డిస్కుల గురించే. రెండూ మార్చాలి, ఒకటి మార్చి ఊరుకుంటే కుదరదు, ప్యాడ్లు కూడా కొత్తవి పడాలి. గొంతు మామూలుగానే ఉంది. అద్దం తనకు కనబడేలా తిప్పుకోవడానికి ఒకసారి చెయ్యి చాచబోయి, ఆ అద్దం ఇప్పుడు నాదని గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ ఒక్క క్షణం నేను రోడ్డు వైపు చూశాను.

దవాఖానలో డాక్టరు పాదాల నరాలు దెబ్బతిన్నాయని చెప్పారు. గాయం మానడానికి చాలా రోజులు కట్టు కట్టించుకుంది. ఊళ్లో కొందరు పరామర్శకు వచ్చి, ఇకనైనా ఆ కారు అమ్మెయ్యమన్నారు. కొడుకు కూడా అదే మాట మెల్లగా అన్నాడట. ఆమె అందరికీ టీ ఇప్పించి పంపేసి, కోడల్ని పిలిచింది.

ఆ కోడలు నెమ్మదైన మనిషి. తోట లెక్కలూ మందుల పిచికారీలూ చూసుకునేది, స్కూటీ మీద షాబాద్ దాకా ఒక్కతే వెళ్లొచ్చేది. మామూలు కారు నడపడం వచ్చు. ఈ పసుపు కారంటే మాత్రం భయం. ఇంట్లో ఇంకెవరికీ దీని మీద ప్రేమ లేదు, నీకు భయమన్నా ఉంది, అది చాలని అత్తగారు అన్నదట. ఈ మాట కోడలే తర్వాత నాకు చెప్పింది.

కొత్త డిస్కులూ ప్యాడ్లూ వేశాక వాటిని ఒకదానికొకటి అలవాటు చెయ్యాలి. ఖాళీ రోడ్డు మీద వేగం అందుకుని, గట్టిగా బ్రేకు వేసి, పూర్తిగా ఆగకముందే వదిలి, మళ్లీ వేగం అందుకోవాలి. ఇలా వరసగా చేసి, తర్వాత బ్రేకు ముట్టకుండా చాలా దూరం నడిపి చల్లారనివ్వాలి. ఎవరి కారుకైనా ఇది ఆమె తనే చేసిపెట్టేది. ఈసారి షాబాద్ వైపు రోడ్డు మీద, పొద్దున్నే, కోడలితో చేయించింది. వెనక నా కారులో నేను కాపలా. ఫోన్ స్పీకర్లో పెట్టి ఉంచారు కాబట్టి వాళ్ల మాటలు నాకు వినబడుతున్నాయి.

"ఒత్తు. ఇంక ఒత్తు. భయపడకు, పగలదు. ఇగ వదులు. కాలికి ఏం తెలుస్తున్నది చెప్పు."

"ఏం తెలుస్తలే అత్తమ్మా."

"ఏం తెల్వకుంట ఎట్లుంటది? గట్టిగున్నదా, మెత్తగున్నదా, గిచ్చుతున్నదా?"

మళ్లీ బ్రేకు దీపాలు వెలిగాయి.

"జర గరుకుగున్నది. పిండి రుబ్బినట్టు."

"ఆ. గదే. కొత్తయి గట్లనే ఉంటయి. మళ్ల ఒత్తు, ఇప్పుడు నునుపైతదేమో చూడు."

ఆ తర్వాత చాలా ఆదివారాలు ఇలాగే గడిచాయి. అక్క కాలు చెప్పలేనిది కోడలు మాటల్లో చెప్పాలి. మొదట్లో ఆమెకు మాటలు దొరికేవి కావు. తర్వాత దొరికాయి. బియ్యంలో రాయి తగిలినట్టు అనేది, తడి బట్ట పిండినట్టు అనేది. అక్క డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, ఆ మాటను చేతికి తెలిసే దానితో సరిచూసుకునేది. ఒక్కోసారి కోడలు తప్పు చెప్పేది. ఒక్కోసారి అత్త తప్పు పట్టేది, తీరా చూస్తే కోడలు చెప్పిందే ఒప్పు. అలాంటి రోజు షెడ్డులో ఉస్తాద్ ముందు కోడల్ని కూర్చోబెట్టి, ఆయనతో వాదించమని తను దూరంగా వెళ్లి టీ తాగేది. కోడలు మొదటిసారి ఉస్తాద్ మాటకు అడ్డం చెప్పిన రోజు, అక్క గ్లాసు పట్టుకుని మా వైపు వీపు పెట్టి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని నాకు తెలుసు.

ఈ ఏడాది వానలు వెనకబట్టాక, కోడలే అనంతగిరి పోదామన్నది. అక్క వెంటనే సరేననలేదు. ముందు రోజు కారు షెడ్డులో ఎక్కించి నాలుగు చక్రాలూ విప్పించి, గేజ్ కోడలి చేతికే ఇచ్చి, నాలుగు డిస్కులూ కొలిపించింది. తను కుర్చీలో కూర్చుని, అంకె చెప్పమని మాత్రమే అడిగింది. నాలుగూ విన్నాక లేచి, పొద్దుగాల బయల్దేరుదామన్నది.

ఎక్కేటప్పుడు వాళ్లు ముందు, నేను వెనక. కొండ మీద పచ్చదనం కమ్మేసి ఉంది. పైన అరగంట సేపు తిరిగి, పూరీలు తిని, దిగడం మొదలుపెట్టాం. దిగడంలోనే బ్రేకుల సంగతి తేలేది. కోడలు గేరు తగ్గించి ఇంజనుతో ఆపుకుంటూ, మలుపుకు ముందే గట్టిగా ఒక నొక్కు నొక్కి, మలుపులో వదిలేస్తోంది. బ్రేకు దీపాలు వెలిగి ఆరుతుంటే చూస్తూ వెంట దిగాను. ఎక్కడా కాలు పెడల్ మీద వేళ్లాడెయ్యలేదు. అక్క నడిపినట్టు లేదు. అక్క ఇంకా ఆలస్యంగా, ఇంకా గట్టిగా నొక్కేది. ఇది ఈమె పద్ధతి. దిగడం మాత్రం చక్కగా దిగింది.

కింద రోడ్డు వెడల్పైన చోట పసుపు కారు పక్కకు ఆగింది. నేనూ ఆపి, ఏమైనా తేడా వచ్చిందేమోనని గబగబా వెళ్లాను. కోడలు డోరు చప్పుడు కాకుండా తీసుకుని దిగి, పెదవుల మీద వేలు పెట్టింది.

వంగి లోపలికి చూశాను. అక్క తల కిటికీ వైపు వాల్చి, నోరు కొంచెం తెరిచి, సన్నగా గురక పెడుతూ గాఢంగా నిద్రపోతోంది. చేతులు రెండూ ఒళ్లో వదులుగా ఉన్నాయి.

"ఎప్పటి నుంచి?" అని గుసగుసగా అడిగాను.

"ఘాటు సగం దిగినంక," అన్నది కోడలు.

చక్రాల దగ్గరనుంచి వేడి కాళ్లకు తగులుతోంది. ఎవరూ తొందరపడే పని లేదు. డిస్కులు చల్లబడేదాకా మేమిద్దరం రోడ్డు పక్కన నిలబడ్డాం. చల్లబడ్డాక కూడా నిలబడే ఉన్నాం. ఆమెను లేపలేదు.